వరస కుదరని వేళాకోళం

ఎంబేని ఊళ్ళో ఆడవాళ్ళకి తౌసీ అంటే కొంచెం భయం, బోలెడు మోజు. భయం ఎందుకంటే, ఒకప్పుడు ఆవిడ దారెస్సలాంలో వీడియో సినిమాల్లో వేసింది. వేసినవన్నీ గయ్యాళి అత్త వేషాలే. కోడలి కూరలో ఉప్పు గుమ్మరించే అత్త, కోడలికి చేతబడి చేయించే అత్త, ఆఖరి సీనులో పిచ్చెక్కి రోడ్డున పడే అత్త. ఆ సినిమాలు చూసిన చేపలమ్మి ఒకతె ఇప్పటికీ తౌసీకి మెత్తబడిపోయిన చేపలే అంటగడుతుంది. "కోడలిపిల్లని అంత ఏడిపించావు కదటే, తిను!" అంటుంది. తౌసీకి కొడుకులే లేరు, ఇంక కోడలెక్కడ? ఉన్నదల్లా సివేమా అని ఒక్కగానొక్క కూతురు. అయినా సినిమా చూసినవాళ్ళకి ఇలాంటివి చెబితే తలకెక్కుతాయా?

మోజు ఎందుకంటే, సినిమాలు మానుకుని ఊరు చేరాక ఆవిడ నాటక బృందంలో చేరింది. ఆ బృందానిది ఏ సంస్థ పిలిస్తే ఆ సంస్థ నీతి. ఒక ఏడు దోమతెర కట్టుకోండని ఆడారు. ఇంకో ఏడు మరుగుదొడ్డి కట్టుకోండని ఆడారు. అందులో తౌసీ కలరా తగిలిన ముసలమ్మ. ఆవిడ చచ్చిపోతుంటే జనం పొట్ట పట్టుకుని నవ్వారు, నవ్వి నవ్వి ఇంటికెళ్ళి బుద్ధిగా గుంతలు తవ్వుకున్నారు. ఈ ఏడు నీతి, కాన్పు ఆస్పత్రిలోనే జరగాలని. ఇందులో తౌసీది మంచి తల్లి వేషం. నెలలు నిండిన కూతుర్ని చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిపిస్తుంది, చివర్లో మనవడినెత్తుకుని పాట పాడుతుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ నాటకం చూసి చప్పట్లు కొట్టాయి. ఒక్క సివేమా మాత్రం, కన్నతల్లి ముందే, నేను చచ్చినా ఆ ఆస్పత్రి గడప తొక్కనని కూర్చుంది.

నలుగురూ నవ్వితే నవ్వారు, తౌసీకి నవ్వులపాలవడం కొత్తేం కాదు. ఆవిడ భయం వేరు. మూడేళ్ళ కిందట సివేమా తొలి కాన్పు ఇంట్లోనే జరిగింది. బిడ్డ దక్కలేదు. నెత్తురు ఆగకపోతే మోటారుసైకిలు మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టి, జారిపోకుండా ఖంగా గుడ్డతో కట్టి, జిల్లా ఆస్పత్రికి పరిగెత్తించారు. అక్కడి డాక్టరు పిల్లని బతికించి తౌసీని పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా ఇంట్లో కంటే తల్లీ మిగలదు అని చెప్పాడు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండాయి. రాత్రిళ్ళు తౌసీకి కన్ను మూతపడడం లేదు.

"ఎందుకే అంత మొండితనం? పక్క ఊరి ఆడపిల్లలు నా నాటకం చూసి వెళ్తున్నారు కదే!" అంది తౌసీ, కొబ్బరి కోరుతూ.

"నీ నాటకంలో నర్సు దేవత అమ్మా. పాపం వాళ్ళ ఊళ్ళలో నర్సు ఎలాంటిదో నాకు తెలీదు," అంది సివేమా. "మన ఊరి ఆస్పత్రిలో ఉన్నది గౌడెన్సియా."

"ఏదో ఒక మాట అంది. దానికే ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"ఏదో ఒక మాట కాదు." సివేమా కొబ్బరి చిప్ప కింద పడేసింది. "వరండా నిండా మనుషులున్నారు. పొట్టమీద చెయ్యి పెట్టగానే అమ్మా అన్నాను, నొప్పేసింది. 'ఇప్పుడు అమ్మా అంటున్నావే, మొగుడి పక్కన పడుకున్నప్పుడు అమ్మ గుర్తు రాలేదా?' అంది. అందరూ విన్నారు. మా ఆయన పిన్ని కూడా విన్నది. ఆ మాట పడ్డాక నేను మళ్ళీ ఆ బల్ల ఎక్కుతానా? చస్తే ఇంట్లోనే చస్తాను."

"నోర్ముయ్!" అని అరిచింది తౌసీ. వేల మందికి బుద్ధి చెప్పిన నోరు, సొంత పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క అరుపుతో సరిపెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఎరాస్తో దిగాడు. ఎరాస్తో అంటే ఈ ఏటి నాటకం ఆడిస్తున్న పట్నం సంస్థ మనిషి. ముప్ఫై దాటని వయసు, ఇస్త్రీ నలగని చొక్కా, ప్రతి మాటకీ ముందో వెనకో "ప్రవర్తనలో మార్పు". ఈసారి నాటకం ఎంబేనిలోనే, కెమెరాతో సినిమాగా కూడా తీస్తాం, ఆ సినిమా జిల్లా అంతా తెరకట్టి చూపిస్తాం అన్నాడు. ముఖ్య అతిథి నర్సు గౌడెన్సియా. ఆవిడకి ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ, చల్లని సోడా.

ఆ మాట వినగానే తౌసీ మెదడులో దీపం వెలిగింది.

నర్సు రెండేళ్ళ కిందట టబోరా నుంచి బదిలీ మీద వచ్చింది. దిగినప్పుడు ఆవిడ చేతిలో తేనె డబ్బా ఉంది. టబోరా మనిషి, తేనె డబ్బా, ఇంకేం కావాలి? తేనెకి పేరుపడ్డ న్యామ్వేజీ జాతి ఆడదే అని ఊరంతా తీర్మానించేసింది. ఎంబేనిలో ఉన్నది జరామో జాతివాళ్ళు. జరామోలకీ న్యామ్వేజీలకీ తాతముత్తాతల నాటి నుంచి ఉతానీ వరస. బావామరదళ్ళ సరసం లాంటిదే, కాకపోతే ఇక్కడ జాతికీ జాతికీ మధ్య. వాళ్ళు మనల్ని కోతులనొచ్చు, మనం వాళ్ళని మూటలు మోసే గాడిదలనొచ్చు. ఒకరి పెరట్లో కోడిని ఇంకొకరు పట్టుకుపోయినా దొంగతనం కాదు. మన ఇంట్లో పీనుగు లేస్తే వాళ్ళొచ్చి చచ్చినవాడి నడక నడిచి, దగ్గు దగ్గి చూపిస్తారు, పెళ్ళాం కూడా ఏడుపు మధ్యలో నవ్వి తీరాలి. కోపం తెచ్చుకోవడం మాత్రం మహా తప్పు.

అందుకే గౌడెన్సియా వచ్చిన మొదటిరోజే ఊరి ఆడవాళ్ళు ఆవిడ కొత్త బకెట్టు ఎత్తుకుపోయారు. అది స్వాగతం. పిల్లకాయలు ఆవిడ చెట్టు బొప్పాయిలు కోసుకుపోయారు. అది ప్రేమ. ఎదురుపడితే చాలు, "ఏమే గాడిదా, ఇవాళ ఎన్ని మూటలు మోశావు?" అని పలకరించారు. ఇదంతా చేస్తే ఆవిడ ఒక్కసారీ నవ్వలేదు. నవ్వకపోగా ఏడాది తిరిగేసరికి నోటికి కత్తి కట్టుకుంది. న్యామ్వేజీల్లో ఇంత మొద్దుమొహాన్ని ఎక్కడా చూళ్ళేదమ్మా అని ఊరు బుగ్గలు నొక్కుకుంది.

"నర్సుని మొహాన నిలదీస్తే మూట సర్దుకుని పోతుంది, ఇంక ఊళ్ళో నర్సే ఉండదు," అని లెక్కేసుకుంది తౌసీ. "అదే వేళాకోళంగా ఆడి చూపిస్తే? వరస ఉంది. కోపం తెచ్చుకోవడానికి వీల్లేదు. నవ్వి తీరాలి, నవ్విందా సిగ్గుపడుతుంది, సిగ్గుపడిందా మారుతుంది." తన తెలివికి తనే మురిసిపోయింది.

నాటకం రోజున బడి మైదానంలో డోళ్ళు మోగాయి. ఊరంతా గుండ్రంగా కూర్చుంది, మధ్యలో బరి. ఎరాస్తో మైకు పట్టుకుని తన మామూలు పాఠం చదివాడు. "నాటకంలో ఏదైనా మీకు నచ్చకపోతే, సోదరులారా, మీరే బరిలోకి వచ్చి మార్చి ఆడొచ్చు. ఈ నాటకం మీది!" ఏ ఊళ్ళోనూ ఇంతవరకూ ఎవరూ లేచి రాలేదు. మంచిపిల్లాడు, ప్రతిచోటా అడుగుతాడు. సివేమా వెనక ఆడవాళ్ళలో, పొట్టమీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

తెర వెనక తౌసీ, రోజూ నర్సు వేషం కట్టే హలీమాని పట్టుకుంది. "ఆ తెల్లకోటు ఇటివ్వు. ఇవాళ నువ్వు తల్లివి."

"అక్కా, నాకు తల్లి మాటలు రావే!"

"తల్లికి మాటలెందుకే? కళ్ళు తుడుచుకుంటూ నిలబడు, చాలు."

తెల్లకోటు తగిలించుకుని తౌసీ బరిలోకి వచ్చింది. వచ్చీ రాగానే ఊరు ఘొల్లుమంది. అచ్చు గౌడెన్సియాయే! ఆ మెడ నిక్కించడం, ఆ చెప్పుల టకటక, కళ్ళజోడు మీంచి చూసే చూపు. "లైను! లైను! మేకలైనా వరసలో నిలబడతాయి!" అంది తౌసీ ముక్కుతో. "నువ్వా? మళ్ళీ కడుపా? మీ ఇంట్లో వేరే పనేం లేదా?" ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. ముసలివాళ్ళు కర్రలు నేలకేసి కొట్టారు. ఎరాస్తో కాగితాలు తిరగేసి తిరగేసి, ఇది ఎన్నో పేజీయో తెలియక తల పట్టుకున్నాడు. కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంది.

ఊపు మీదున్న తౌసీ, కూతురి వేషంలో బల్లమీద పడుకున్న పిల్ల మీదికి వంగి, ఆ మాట కూడా అనేసింది. మొగుడు, పక్క, అమ్మ, మొత్తం. ఊరు మళ్ళీ నవ్వింది. సివేమా నవ్వలేదు, తల దించేసుకుంది. అది చూడలేక తౌసీ చూపు తిప్పితే ఎదురుగా గౌడెన్సియా. సోడా సీసా ఒళ్ళో పట్టుకుని బొమ్మలా కూర్చుంది. కళ్ళజోడు కింద నీళ్ళు.

నర్సు లేచింది. డోళ్ళు ఆగాయి.

"నవ్వమ్మా సిస్టరూ! వరస ఉంది, కోపం తెచ్చుకోకూడదు!" అని ఎవరో ముసలమ్మ అరిచింది.

"ఏం వరస?" అంది గౌడెన్సియా. "నేను న్యామ్వేజీని అని మీకు ఎవరు చెప్పారు?"

ఊరు ఒకరి మొహం ఒకరు చూసుకుంది.

"టబోరాలో మూడేళ్ళు ఉద్యోగం చేశాను. అంతే. నేను ఫీపా మనిషిని. మాది సుంబవంగ."

తౌసీ ఒక్కసారి ఆకాశంలోకి చూసింది. సుంబవంగ వాళ్ళు ఎండలో కూడా పిడుగులు పడేయించగలరని చిన్నప్పుడు విన్నది. మబ్బు తునక లేదు. అయినా నమ్మకమేముంది? ఫీపాలకీ జరామోలకీ ఏ వరసా లేదు, ఏనాడూ లేదు. అంటే ఇంతసేపూ తను ఆడింది వేళాకోళం కాదు. ముఖ్య అతిథిని కూర్చోబెట్టి, ఊరంతటి ముందూ చేసిన పచ్చి అవమానం. దేవుడా, నా నోరు కాలా, నర్సు పోతే నా పిల్లకి దిక్కెవరు అనుకుంది తౌసీ.

"వచ్చిన మొదటిరోజే నా బకెట్టు పట్టుకుపోయారు," అంది నర్సు. "నీళ్ళు పట్టుకోవడానికి వేరే గిన్నె లేదు. ఆ రాత్రంతా ఏడ్చాను. ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ గాడిదా అన్నారు. నేనేం పాపం చేశాను, వీళ్ళకి నా మొహం ఎందుకు ఇంత గిట్టలేదు అనుకున్నాను. మీరంతా నన్ను తిడుతుంటే, నాకు దొరికినవాళ్ళని నేనూ తిట్టాను."

"అయ్యో, అయ్యయ్యో," అన్నారు ఆడవాళ్ళు. రెండేళ్ళ ప్రేమంతా ఒక్కసారిగా తిట్లయి కూర్చుంది. బకెట్టు పట్టుకుపోయినావిడ మెల్లగా పక్కావిడ వెనక్కి జరిగింది.

నర్సు సోడా సీసా కుర్చీలో పెట్టింది. వెళ్ళిపోతుందనే అందరూ అనుకున్నారు. ఎరాస్తో అడ్డం వెళ్ళబోయాడు. ఆవిడ అతన్ని చూసి, "నచ్చకపోతే వచ్చి మార్చి ఆడమన్నావు కదయ్యా?" అంది.

"అన్... అన్నానండీ," అన్నాడు ఎరాస్తో. నిజంగా ఒకరు వస్తారని పాపం అతను ఎన్నడూ అనుకోలేదు.

గౌడెన్సియా బరిలోకి వచ్చింది. హలీమా భుజం మీది ఖంగా లాగి తన నడుముకి చుట్టుకుంది. ఒక చెయ్యి నడుము మీద, రెండో చెయ్యి గాల్లో. నడక మారిపోయింది. పడవ ఒడ్డుకొస్తున్నట్టు పక్కలకి ఊగుతూ నడిచింది.

"జరగండి, జరగండి! లైనా? నాకు లైనేమిటే? నేను సినిమాల్లో వేసినదాన్ని!"

ఊరు నవ్వుతో పేలింది. తౌసీయే! అచ్చంగా తౌసీ! ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా వరండాలో అందరినీ తోసుకుని ముందుకొచ్చే తౌసీ, మోకాలి నొప్పికి మందు అడిగి దారెస్సలాం కబుర్లు మొదలుపెట్టే తౌసీ. "సిస్టర్‌గారూ, ఈ మోకాలు మామూలు మోకాలు కాదు, కెమెరా ముందు మూడుసార్లు కిందపడ్డ మోకాలు!" చేపలమ్మి నవ్వలేక నేలమీద దొర్లింది. తౌసీకి మొదట ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఇంత కళ కళ్ళజోడు వెనక దాచుకుని రెండేళ్ళు మాత్రలు పంచిందా ఈవిడ?

నవ్వు సద్దుమణుగుతుంటే, గౌడెన్సియా అదే ఊగే నడకతో, అదే గొంతుతో, గుంపు వైపు తిరిగింది. వేషం వేషంగానే ఉంది, కళ్ళు మాత్రం వెతికాయి. "ఏమే బిడ్డా! ఊళ్ళో పిల్లలందరికీ చెప్పాను, నా పిల్ల మాత్రం రానంటుంది. ఎందుకే? ఏం కష్టమొచ్చిందే నీకు? మీ అమ్మకి చెప్పవే!"

వెనకనుంచి సివేమా లేచింది. లేవడానికి పక్కావిడ భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

"భయమమ్మా," అంది. అసలు అమ్మని చూడలేదు, బరిలో ఉన్న అమ్మనే చూసింది. "నా మొదటి బిడ్డ పోయింది. ఇదీ పోతుందేమోనని భయం. ఆ రోజు ఆ భయంతోనే అమ్మా అని అరిచాను. మొగుడి పక్కన పడుకున్నప్పుడు గుర్తు రాలేదా అందమ్మా ఆవిడ. అందరి ముందూ."

నర్సు చెయ్యి నడుము మీదే ఉండిపోయింది. ఇప్పుడు తౌసీ అయితే ఏమంటుంది? ఆ సంగతి ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"అంత మాటందా?" అంది గౌడెన్సియా, తౌసీ గొంతుతోనే. "దాని నోరు పడిపోను! దాని నాలిక్కి పురుగులు పట్టా!"

కొందరు నవ్వబోయి ఆగిపోయారు. ఎందుకంటే ఆ రెండో మాట సగంలో గొంతు తౌసీది కాకుండా పోయింది. నర్సు బరిలో పరిచిన చాపమీద కూలబడి కళ్ళజోడు తీసేసింది.

"నేనే అన్నాను," అంది. "మొదటి బిడ్డ సంగతి నాకు తెలీదు పిల్లా. నేను నిన్ను అడగలేదు."

తౌసీ తెల్లకోటుతోనే ఆవిడ పక్కన చతికిలబడింది. "నాదే తప్పు సిస్టర్‌గారూ. వరస లేకుండా ఆడాను. తప్పు కట్టమంటే కడతాను, మా ఇంట్లో మంచి పెట్ట ఉంది."

"పెట్ట నాకెందుకు?" అంది గౌడెన్సియా ముక్కు తుడుచుకుంటూ. "ఆ వరసేదో నాకూ కట్టండి. రెండేళ్ళు ఊరికే తిట్లు తిన్నాను. తిరిగి తిట్టే హక్కు కావాలి."

ఊరి చైర్మన్ పజీ తాత గొంతు సవరించుకున్నాడు. జరామోలకీ ఫీపాలకీ వరస కట్టిన మనిషి ముందెవరూ లేరని, అయినా ఆ పని తను చేస్తే చరిత్రలో పేరుంటుందని ఆయనకి వెంటనే తోచింది. "కట్టాను!" అన్నాడు.

"నాకూ ఉంటుందా వరస?" అంది సివేమా నిలబడ్డచోటు నుంచే.

"ఉంటుంది."

"ఆస్పత్రిలో కూడానా? బల్లమీద పడుకున్నప్పుడు కూడానా?"

గౌడెన్సియా ఆ పిల్లని ఎగాదిగా చూసింది. "అక్కడే ఎక్కువ ఉంటుందే, కోతిమొహమా," అంది. డోళ్ళవాళ్ళు ఇంక ఎవరు చెప్పినా ఆగలేదు.

ఎరాస్తో ఆ సినిమాని పట్నం తీసుకెళ్ళి, సంస్థవాళ్ళకి ఎలా చూపించాలో తెలియక చాలా బాధపడ్డాడట. మంచి తల్లి లేదు, దేవత లాంటి నర్సు లేదు, ఆఖరి పాట అసలే లేదు. చివరికి ధైర్యం చేసి పక్క ఊళ్ళో తెరకట్టి వేస్తే, జనం మళ్ళీ వెయ్యి మళ్ళీ వెయ్యి అని గోల పెట్టారు. అది చూశాక ఆ ఊళ్ళోవాళ్ళు తమ నర్సుని సంతకి పిలిచి, మీది ఏ జాతి తల్లీ అని మర్యాదగా అడిగారట. అది ప్రవర్తనలో మార్పు కిందికి వస్తుందో రాదో ఎరాస్తోకి ఇప్పటికీ తేలలేదు.

సివేమాకి నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. తౌసీ ఒక మాట చెప్పేలోపే పిల్ల గుడ్డలు మూటగట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆస్పత్రి వరండాలో తౌసీని బయటే కూర్చోబెట్టి నర్సు తలుపు వేసేసింది. పక్క బెంచీమీద చెకప్‌కి వచ్చిన ఆడవాళ్ళు మందాజీ బూరెలు తింటూ చెవులు రిక్కించారు.

"ముక్కు, ఇంకా ముక్కు! కొబ్బరి తింటే బలం వస్తుందనుకున్నాను, మీ సముద్రతీరం వాళ్ళకి నోటికే వచ్చినట్టుంది!" అని గౌడెన్సియా గొంతు.

"నీ పిడుగు నీ నెత్తినే పడ! నెమ్మదిగా పట్టుకోవే మంత్రగత్తే!" అని సివేమా గొంతు.

"పిడుగు పంపాలంటే ఫీజు కట్టాలి! ఊపిరి తీసుకో. ఆఁ, అలాగే. భయపడకు, నేనిక్కడే ఉన్నాను కోతీ. నా చెయ్యి పట్టుకో. అబ్బా, చెయ్యి విరగ్గొట్టకే!"

వరండా అంతా పకపకలాడింది. తౌసీ ఒక్కత్తే నవ్వలేదు. ఎన్నో ఊళ్ళలో ఈ తలుపు ముందు ఆవిడ నటించింది, బయట నిలబడ్డ తల్లి చేతులు ఎలా నలుపుకోవాలో అందరికన్నా బాగా చేసి చూపించింది. ఇప్పుడు ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇంతలో లోపల తిట్లు ఆగిపోయాయి. ఇద్దరివీ ఒకేసారి ఆగిపోయాయి. తిట్టండే, ఎవరో ఒకరు తిట్టండే, అని తౌసీ లోపల్లోపలే బతిమాలుకుంది. మందాజీ నమిలేవాళ్ళు కూడా నమలడం ఆపేశారు.

అప్పుడు ఒక కేక. పలచగా, చిరాగ్గా, ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు. వెంటనే గౌడెన్సియా నవ్వు, "చూడవే, ఇది పుట్టీ పుట్టగానే నన్ను తిడుతోంది!" అని. దాని వెనకే అలిసిపోయిన గొంతుతో సివేమా నవ్వు.

తౌసీ బెంచీమీద ముందుకి వంగిపోయి ఏడ్చేసింది. ముక్కు కారుతోంది, నోరు వంకర తిరుగుతోంది, గొంతులోంచి మేక అరుపులాంటిదేదో వస్తోంది.

"ఏమే తౌసీ, ఈ ఏడుపు ఏ సినిమాలోదే?" అంది పక్కనున్న గర్భిణి, వీపు నిమురుతూ.

తౌసీ ఖంగాతో మొహం తుడుచుకుని, తుడిచినా ఆగని ఏడుపులోంచే, "సినిమాలో ఇంత అసహ్యంగా ఏడిస్తే నాకు వేషాలిచ్చేవాళ్ళటే?" అంది.